ఉన్నోళ్ళకు ఒకటి, పోయినోళ్ళకు రెండు

మా మామగారి ఆబ్దికానికి మంచి ఫోటో కావాలని మా ఆవిడ వారం నుంచి నా ప్రాణం తోడేస్తోంది. గోడ మీద పటంలో ఆయన రంగు దిగిపోయి, ఆయనెక్కడ అయిపోయారో వెనకాల కర్టెన్ ఎక్కడ మొదలైందో తేలడం లేదు. పాత సీడీల్లోంచి ఎప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫోటోలు తెరిచి, కుడి బాణం కీ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటిస్తూ కూర్చున్నాను. మూడో ఫోటో దగ్గరో నాలుగో ఫోటో దగ్గరో చెవి పక్కన ఎవరో అడిగినట్టయింది.

"ఉన్నడా, పోయిండా?"

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. వంటింట్లో కుక్కర్ ఒకటే ఉంది. అది ఈల వేస్తుంది గానీ తెలంగాణ యాసలో మాట్లాడదు.

ఆ గొంతు ఎవరిదో, ఆయన పేరేమిటో నాకు తెలుసు. ఆయన గురించి ఇదివరకు ఒకసారి రాశాను కాబట్టి ఈసారి పేరు రాయను. సైదాబాద్‌లో మేం అద్దెకున్న వీధి మలుపులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. అందులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. పేటంతా కంప్యూటరన్న అనేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. వీధి మొత్తానికి అదొక్కటే కంప్యూటర్. దాని మీద కప్పిన ముఖమల్ గుడ్డ మా కాలనీలో ఏ పెళ్ళికూతురికీ దక్కలేదు. దాన్ని చూడటానికి జనం బస్సులు కట్టించుకుని వచ్చేవారంటే మీరు నమ్మరు. ఆటోల్లోనే వచ్చేవారు.

అంతకు ముందు పాతికేళ్ళు ఆయన ఆ స్టూడియో డార్క్‌రూంలో, ఎర్ర బల్బు కింద, నెగెటివ్‌లు కడిగాడు. తర్వాత యజమాని ఆ చీకటి గదికి సున్నం వేయించి, ట్యూబులైటు పెట్టించి, కంప్యూటర్ తెచ్చి కూర్చోబెట్టాడు. గదిలో ఉన్న సామానంతా తీసేశాక చివరికి మిగిలిన సామాను ఈయన. ఎటు సర్దాలో తోచక కంప్యూటర్ ముందు సర్దాడు.

ఆయన నేర్చుకున్నది ఒక్కటే ప్రోగ్రాం. ఏదో సీడీతో పాటు ఉచితంగా వచ్చింది, ఫోటోలు చూసుకునేది. బాణం కీ నొక్కితే ముందు ఫోటో, వెనక ఫోటో. ప్లస్ నొక్కితే బొమ్మ దగ్గరికొస్తుంది, మైనస్ నొక్కితే దూరం పోతుంది. అడ్డంగా పడుకున్న ఫోటోను నిలబెట్టడానికి ఒక కీ. వెలుగు పెంచడానికి ఒక కీ. ఇవి చాలు, రాజ్యాలు ఏలుకోవచ్చు అన్నట్టు కూర్చునేవాడు. అన్నిటికంటే ఆయనకు ప్రియమైనది మూలనున్న ఎస్కేప్ కీ. దాని పేరు తోబా బటన్, అంటే చెంపలేసుకునే బటన్. చేసిందంతా తప్పయిపోయింది అనుకుంటే అది నొక్కాలి, ఫోటో మళ్ళీ మొదటికొచ్చేస్తుంది.

"ఖుదా కూడ గింత జల్ది మాఫ్ చెయ్యడు సారూ," అనేవాడు ఆ కీని చూపుడువేలితో నిమురుతూ.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళింది మా అమ్మ పోయినప్పుడు. అమ్మకు విడిగా ఫోటో లేదు. కాకినాడలో మా అక్క పెళ్ళినాటి గ్రూపు ఫోటోలో, పద్నాలుగు మంది మధ్య, వడియాల్లో గుమ్మడి గింజలా ఉంది. అది పట్టుకుని వెళ్ళాను. స్కాన్ చేశాక తెర మీద అడ్డంగా వచ్చింది. దాన్ని తిప్పుతూ దానితో పాటు తన మెడ కూడా తిప్పాడు. ఫోటో నిలబడేసరికి ఆయన తల భుజం మీద వాలింది. తర్వాత మొదలైంది విచారణ.

"గీ ఎడమకెళ్ళి మొదటాయన ఎవలు?"

"మా పెదనాన్నగారండీ."

"ఉన్నడా, పోయిండా?"

"పోయారు."

"పక్కన?"

"మా పెద్దమ్మ. ఉంది."

"ఏం చీర కట్టింది?"

నాకు చిర్రెత్తింది. "మాకు కావాల్సింది మా అమ్మండీ. పెద్దమ్మ చీరతో పనేంటి?"

"జర ఓపిక పట్టుండ్రి సారూ. వరుస తెల్వకుంటే మనిషి దొరకదు."

అలా పద్నాలుగు మందినీ హాజరు వేయించాడు. మా మేనత్త చెవి దుద్దులు, బావగారి వాచీ, పాలేరు భుజం మీద తువ్వాలుతో సహా. జనాభా లెక్కలవాళ్ళు మా ఇంటికొచ్చినప్పుడు ఇన్ని ప్రశ్నలు అడగలేదు. చివరికి అమ్మ దగ్గరికి చేరి ప్లస్ నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కాడు, నొక్కాడు. అమ్మ ముక్కుపుడక గోల్కొండ బురుజంత అయింది. అక్కణ్ణించి బాణం కీలతో ప్రయాణం. చెవి దగ్గర బయల్దేరి, పాపిట మీదుగా, బొట్టు దగ్గర ఆగి, గడ్డానికి చేరేసరికి నాకు బస్సు దిగిన నీరసం వచ్చింది. మందపాటి కళ్ళద్దాల కింద ఆయన ముక్కు మాత్రం తెరకు బెత్తెడు దూరంలో ఉంది. పనిమీద అంత శ్రద్ధ అనుకున్నాను. అందరం అలాగే అనుకునేవాళ్ళం.

చివర్లో వెలుగు కీ మీద రెండు నొక్కులు నొక్కాడు. పక్కనున్న మరో కస్టమరు పాస్‌పోర్టు ఫోటోకు ఒక్కటే నొక్కాడు. నాకు కుతూహలం.

"ఆయనకు ఒకటీ, మా అమ్మకు రెండూ ఏంటన్నా?"

"ఉన్నోళ్ళకు ఒకటి, పోయినోళ్ళకు రెండు," అన్నాడు. "ఉన్నోడు ఎండల తిరుగుతడు. వానికి వెలుగు ఫికర్ లేదు. పోయినోళ్ళను ఏడ పెడ్తరు? గోడ మీద, దేవుని పక్కకు. రోజు ఊదుబత్తి పొగ. అయిదేండ్లల్ల ఒక నొక్కు నల్లబడ్తరు. అందుకే ముందుగాలనే ఎక్కిచ్చి పంపాలె."

మా అమ్మ ఫోటో ఇరవై ఏళ్ళ తర్వాత ఇప్పటికీ గోడ మీద కళకళలాడుతోంది. మా మామగారిది వేరే స్టూడియోలో చేయించాం. ఫలితం మొదట్లోనే చెప్పాను.

ఆయనకు ఇంకో నియమం ఉండేది. ఎవరి ఫోటోకు వాళ్ళు వెలుగు పెంచుకోకూడదు. ఇంకొకరు పెంచాలి. ఒక కాలేజీ కుర్రాడు తన ఫోటోకు తనే ఆ కీ నొక్కబోతే వేళ్ళ మీద స్కేలుతో కొట్టాడు. "నీది నువ్వే ఎక్కిచ్చుకుంటే గాడికి ఆగుతవా? తెల్ల కాయితం ఎల్లెదాక ఎక్కిస్తవు," అన్నాడు.

ఆయన ఉండేది ధూల్‌పేట్‌లో. ఏటా వినాయకచవితికి ముందు పది రోజులు స్టూడియోకు వచ్చేవాడు కాదు. మేనమామ కార్ఖానాలో వినాయకుడి బొమ్మలకు కళ్ళు దిద్దడానికి పోయేవాడు. ఒక ఏడు పోలేదు. అదే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నా, ఈసారి వినాయకుడు కళ్ళు మూసుకునే వస్తాడా?" అన్నాను.

"పిల్లగాండ్లు నేర్చుకున్నరు సారూ. మంచిగనే దిద్దుతున్నరు," అన్నాడు, కీబోర్డు తుడుస్తూ. దాన్ని కూడా పొద్దుటి నుంచి తుడుస్తున్నట్టున్నాడు.

హాస్యం రాసేవాడికి కళ్ళు ఎక్కువ ఉంటాయంటారు. నాకున్న రెండూ ఎక్కడ పెట్టుకున్నానో.

అప్పట్లో ఒక వారపత్రికలో నేను సరదా శీర్షిక రాసేవాణ్ణి. ఆఫీసులో ఫైళ్ళ మీద రాసే ఇంగ్లీషు ఎవరూ చదవరన్న కసి ఆ శీర్షికలో తీర్చుకునేవాణ్ణి. వారం వారం ఎవరో ఒకరు బలి కావాలి. పాలవాడు అయిపోయాడు, ఇంటి ఓనరు అయిపోయాడు, మా ఆవిడ రెండుసార్లు అయిపోయింది. ఆ వారానికి సరుకు లేక స్టూడియోలో కూర్చుని ఉండగా, దేవుడిలా ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన బస్సు కండక్టరు. తన ఫోటోలే ఏవో చూపించుకుంటున్నాడు. కంప్యూటరన్న బాణం నొక్కాడు. తెర నిండా ఆ పెద్దాయన ముఖమే. పక్కన కుర్చీలో అదే ముఖం. అదే మీసం, అదే మఫ్లరు.

కంప్యూటరన్న ప్లస్ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. ముందుకు వంగి చూశాడు.

"ఈయన ఉన్నడా, పోయిండా?"

"అరె, నేనేనయ్యా!" అన్నాడు పెద్దాయన, కుర్చీలో ఒక జానెడు ఎగిరి. "ఏంది, సంపుతవా ఏంది!"

నేను నవ్విన నవ్వుకు స్టూడియో అద్దాలు పగలలేదంటే అద్దాలు మంచివి. కంప్యూటరన్న కూడా నవ్వాడు. ముందు పెద్దాయన నవ్వే దాకా ఆగి, తర్వాత నవ్వాడు. అది కూడా చూశాను. చూసి వదిలేశాను.

"మీ మీద రాస్తానన్నా పత్రికలో," అన్నాను.

ఆయన ముఖం చూడాలి అప్పుడు. పాతికేళ్ళు ఇతరుల ముఖాలు కడిగిన మనిషి. "నా మీదనా? పేపర్లనా? ఫోటో గూడ ఏస్తరా సారూ?"

దసరా వచ్చింది. ఆయుధపూజకు స్టూడియోలో కంప్యూటర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఆ రోజు యజమాని కెమెరాతో నేనే ఆయన ఫోటో తీశాను. కొత్త చొక్కా, నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ, ఒక చెయ్యి కీబోర్డు మీద. కెమెరా ఇటుంటే కొంచెం అటు చూస్తున్నాడు. దాన్ని మా మిగిలిన ఫోటోలతో కలిపి ఆయనే సీడీలో ఎక్కించి ఇచ్చాడు.

"నాది జర నల్లగనే ఉంచిన సారూ. నాది నేను ఎక్కిచ్చుకోవద్దు గద. మీరు ఎక్కియ్యుండ్రి. ఒక్క నొక్కు సాలు, ఉన్న గద ఇంక."

అలాగే అన్నాను. తర్వాత పత్రికవాళ్ళు ఫోటోకు చోటు లేదన్నారు. నేనూ పట్టుబట్టలేదు.

శీర్షిక మాత్రం అద్భుతంగా కుదిరింది. అబద్ధమెందుకు, ఇప్పటికీ నేను రాసినవాటిలో అదే గట్టిది. పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. మా ఆఫీసులో సూపరింటెండెంటు మొదటిసారి నన్ను కూర్చోమన్నాడు. ఆ ఊపులో నాలుగు రోజుల తర్వాత స్టూడియోకు వెళ్ళాను, నా కీర్తి అక్కడ ఎంత ఎత్తున వేలాడుతోందో చూద్దామని.

కంప్యూటర్ ముందు చుడీదార్ వేసుకున్న ఒకమ్మాయి కూర్చుని ఉంది. కంప్యూటరన్న లేడు.

యజమానిని అందరూ సేఠ్ అనేవారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. చాయ్ తెప్పించాడు.

"మస్తు రాసిండ్రు సార్. మీరు రాయకపోతే నాకు ఎరుకనే అయ్యేటిది కాదు," అన్నాడు.

"ఏమిటి?"

"ఆయనకు కండ్లు కనవడ్తలేవని. తానే తెచ్చి ఇచ్చిండు పేపరు. సేఠ్, నా గురించి పడ్డది, అందరు వినేటట్టు చదువు అన్నడు. గిరాకులు ఉండిరి, చదువుతున్న. అందరు నవ్వుతున్నరు, ఆయన గూడ నవ్వుతుండు. గా కండక్టరు కాడికి వచ్చెటాలకు నాకు కొట్టింది. పక్కన కూసున్న మనిషిని పోయిండా అని అడుగుడేంది? ఆపేసిన. గిరాకులు పోయినంక ఒక ఫోటో పెట్టి, గిండ్ల ఏముందో చెప్పుమన్న."

"ఏం ఫోటో?"

"చార్మినార్."

"ఏమన్నాడు?"

"ప్లస్ నొక్కిండు, మైనస్ నొక్కిండు. వెలుగు ఎక్కిచ్చిండు. నలుగురు నిలవడ్డరు సేఠ్, అన్నడు. ఎవలెవలో చెప్తే నొక్కుత, ఉన్నోళ్ళా పోయినోళ్ళా, అన్నడు."

ఇది నేను కల్పించి రాసి ఉంటే, అతిశయోక్తికి హద్దుండాలని ఎడిటరు కొట్టేసేవాడు.

అప్పుడు ఒక్కొక్కటే నా బుర్రలోకి దిగింది. పెద్దమ్మ చీర. మేనత్త దుద్దులు. గోల్కొండ బురుజంత ముక్కుపుడక. ఆ ప్రశ్నలు చాదస్తం కాదు. మన కళ్ళతో చూసి మనం చెబుతుంటే, అది విని ఆయన నొక్కేవాడు. నొక్కులు లెక్కపెట్టుకుని వెలుగు సరిచేసేవాడు. ఎన్నేళ్ళ నుంచో. ఏ ఒక్క ఫోటో చెడలేదు. ఆ కుర్చీ నిలబెట్టుకోవడానికి ఆయన కట్టుకున్న గోడ అది. దాంట్లో ఉన్న ఒకే ఒక్క సందు వెతికి, కింద సంతకం పెట్టి, నలభై వేల మందికి చూపించాను. నలభై వేలు కాదు లెండి. ఆ పత్రిక అంత అమ్ముడుపోయేది కాదు. ఒక్కడు చదివితే సరిపోయింది.

"డాక్టరుకు చూపిస్తే..." అన్నాను.

"నరం ఎండింది అన్నరంట సార్, ఎప్పుడో. నా కాడ దాసిండు," అన్నాడు సేఠ్. "చాయ్ తాగుండ్రి, సల్లగైతది."

తాగాను. చక్కెర కూడా ఎక్కువ వేయించాడు.

పదిహేను రోజులు పోయాక ఒక ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. కంప్యూటరన్న. గేటు గడియ కోసం ఇనుప చువ్వలన్నీ తడుముతున్నాడు. ధూల్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి, దారి అడుగుతూ వచ్చాడట. మా ఆవిడ మంచినీళ్ళిస్తే గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నా శీర్షిక, కత్తిరించి, మడతపెట్టి.

"ఏం అనుకోకుండ్రి సారూ. సేఠ్ సగం చదివి ఆపిండు. మిగిలింది ఏమున్నదో వినలే. ఇంట్ల ఎవలకు చదువు రాదు. గల్లీల అడుగుదమంటే నామోషి. మీరు రాసిందే గద, మీరే చదువుండ్రి. గా కండక్టరు 'నేనేనయ్యా' అన్న కాడికెళ్ళి."

కాగితం అందుకున్నాను. 'నేనేనయ్యా' తర్వాత ఏముందో నాకు కంఠతా వచ్చు. కంప్యూటరన్న దగ్గరికి పోయేవాళ్ళు తాము బతికే ఉన్నామని తహశీల్దారు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని మెడలో వేసుకుని వెళ్ళడం క్షేమం, అని ఉంది. ఆయన కళ్ళద్దాలు పగలగొడితే నాలుగిళ్ళ కిటికీలకు సరిపోతాయి, అని ఉంది. యముడికి సెలవు కావాల్సి వస్తే ఈయన్ని తన బదులు వేసుకోవచ్చు, అని ఉంది. ఆఖరి వాక్యం నా సొంత ముద్దు బిడ్డ. దాన్ని మూడుసార్లు తిరగరాశాను.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడింది. ఆమె ఆ శీర్షిక చదివింది.

గొంతు సవరించుకుని చదివాను. "మా పేట గోడల మీద ఎంతమంది అమ్మలు, నాన్నలు పొగలో కూడా వెలుగుతున్నారో, ఆ వెలుగంతా ఈయన వేలి చివరిది. ముఖం చూసి ఫోటో బాగుచేసేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. మనిషి వరుస అడిగి, పేరు అడిగి, ఉన్నాడో లేడో అడిగి బాగుచేసేవాడు ఈయనొక్కడే..." ఆ వరసలో ఇంకో అయిదారు వాక్యాలు చదివాను. చదివినదాంట్లో ఒక్క ముక్కా కాగితం మీద లేదు. నా జీవితంలో అంత వేగంగా, అంత బాగా ఎప్పుడూ రాయలేదు.

ఆయన మెడ ఒక పక్కకు వంచి విన్నాడు, ఫోటో తిప్పేటప్పుడు వంచినట్టే.

"గింత మంచిగ రాస్తే సేఠ్ ఎందుకు ఆపిండు సారూ?"

నేను హాస్య రచయితను. సమాధానం సిద్ధంగా ఉండాలి. "ఆయనకు తెలుగు సరిగ్గా రాదేమో అన్నా," అన్నాను.

"సేఠ్‌ది వరంగల్ సారూ. తెలుగు పంతులు కొడుకు."

వంటింట్లో పంపు కారుతున్న చప్పుడు వినపడింది. మా ఆవిడ వెళ్ళి కట్టేసింది, మళ్ళీ రాలేదు.

ఆయన చెయ్యి చాచాడు. కాగితం ఇచ్చాను. వేళ్ళతో మడతలు వెతుక్కుని, పాత మడతల మీదే మడిచి, కవర్లో పెట్టాడు.

"మంచిగ చదివిండ్రు," అన్నాడు. "గిదే అచ్చేపిస్తే అయిపోతుండె గద సారూ."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నాకూ ఏదో ఒకటి అనడానికి చోటు దొరికేది. గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. 'అచ్చుకు తోబా బటన్ లేదన్నా' అందామని నోటి దాకా వచ్చింది. మంచి వాక్యం. మంచి వాక్యాలంటే భయం వేసిన రోజు అదొక్కటే.

గేటు దగ్గర ఆగాడు. "నా ఫోటో ఎక్కిచ్చిండ్రా సారూ, వెలుగు?"

"ఎక్కిస్తాను అన్నా. ఈ వారంలో ఎక్కించి, ప్రింటు తీయించి, నేనే ధూల్‌పేట్ తెచ్చిస్తాను."

"తొందర లేదు," అన్నాడు. "నాకేం కనవడ్తదా. ఇంట్లోళ్ళు సూస్తరు."

బస్‌స్టాప్ దాకా దింపాను. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

ఆ తర్వాత సైదాబాద్ నుంచి ధూల్‌పేట్‌కు ఉన్న దూరం, నా లెక్కలో, కాశీ రామేశ్వరాలకు మధ్య ఉన్నదానికంటే పెరిగిపోయింది. కార్వాన్‌లో పెళ్ళికి వెళ్ళాను, ధూల్‌పేట్ పక్కనే. వినాయకచవితికి బొమ్మ కొనడానికి ఏకంగా ధూల్‌పేట్‌కే వెళ్ళాను, బేరమాడి, బొమ్మ ఒళ్ళో పెట్టుకుని, ఆటో ఎక్కి వచ్చేశాను. ఏ కార్ఖానా అని ఎవరినీ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని.

ఇప్పుడు ఇక్కడ, కుడి బాణం నొక్కుతుంటే, తిరుపతి గుండ్లు దాటాక, మా అబ్బాయి పుట్టినరోజు కేకు దాటాక, తెర మీదికి ఆయన వచ్చాడు. బంతిపూల దండ వేసుకున్న కంప్యూటర్. పక్కన కొత్త చొక్కా. ముఖం నల్లగా, చీకటిగా, ఆయన ఎలా ఉంచి ఇచ్చాడో అలాగే. కుంకుమ బొట్టు ఒక్కటే తెలుస్తోంది. ప్లస్ నొక్కాను. కళ్ళు ఇంకా నాకు కొంచెం పక్కనే చూస్తున్నాయి.

వెలుగు కీ మీద వేలు పెట్టాను. ఇంత చిన్న పని. ఒక్క నొక్కా, రెండా?

మా ఆవిడ వెనకాల వచ్చి నిలబడింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. ఒక నిమిషం చూసింది.

"ఆ స్టూడియో ఆయన కదూ," అంది. "పాపం, ఉన్నాడా, పోయాడా?"

"ముందు మీ నాన్నగారిది చూద్దాం," అని బాణం నొక్కాను.